ఫొటో పక్కన ఏం రాయాలి? ఇంటి స్క్రాప్‌బుక్‌కి మనసు పెట్టి రాయడం

మా ఇంట్లో ఒక ఫొటో ఉంది. పోస్టుకార్డు సైజు, ఒక మూల మడత పడింది. రాజమండ్రిలో పుష్కరాల రేవు దగ్గర మా అమ్మ, మేనత్త తడి చీరలతో పక్కపక్కన నిలబడి ఉంటారు. నేను మొట్టమొదట స్క్రాప్‌బుక్ చేసినప్పుడు ఆ ఫొటో అతికించి, కింద గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాను: "అమ్మ, అత్తయ్య. గోదావరి పుష్కరాలు, 1991. మరపురాని మధుర జ్ఞాపకం." చుట్టూ పూల స్టిక్కర్లు పెట్టాను. పేజీ చూడటానికి చాలా బాగుండేది.

కొన్నేళ్ళ తర్వాత మా అమ్మాయి ఆ పేజీ దగ్గర ఆగి, "మరపురానిది అని రాశావు కదమ్మా, ఏం జరిగింది ఆ రోజు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అప్పటికి అమ్మ లేదు. ఆ ప్రశ్న పట్టుకుని నేను మండపేటలో ఉన్న అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఆమె చెప్పింది విని ఆ పేజీ మొత్తం మళ్ళీ రాశాను. అప్పటినుంచి ఏ ఫొటో పక్కన రాసినా ఒకటే పద్ధతి పాటిస్తున్నాను: ఫొటోలో కనిపించేది రాయను, కనిపించనిది రాస్తాను. ఎవరు నిలబడ్డారో, ఏ చీర కట్టారో ఫొటోయే చెబుతుంది. అది చెప్పలేనిది చెప్పడానికే మన అక్షరాలు. అదెలాగో వరసగా చెబుతాను, మీరూ ఒక పేజీ చేసి చూడండి.

ముందు ఒక్క ఫొటో

స్క్రాప్‌బుక్ అనగానే చాలామంది పెళ్ళి ఫొటోలతో మొదలుపెడతారు. అక్కడే చాలా పుస్తకాలు ఆగిపోతాయి. పెళ్ళి ఫొటోలు వందల్లో ఉంటాయి, అందరూ కెమెరా వైపే చూస్తుంటారు. దేని పక్కన ఏం రాయాలో తోచదు. పుస్తకం మొత్తం ఎలా ఉండాలన్న ఆలోచన కూడా ఇప్పుడే పెట్టుకోకండి. బీరువాలో చీరల కింద దాచిన కవర్లు, బిస్కెట్ డబ్బాలో ఉన్న పాత ఫొటోలు తీసి చాప మీద పరవండి. అన్నిట్లోకీ బాగా వచ్చిన ఫొటో మనకక్కర్లేదు. చూడగానే "ఆ రోజు..." అంటూ మీ నోట్లోంచి మాట వచ్చే ఫొటో కావాలి. మసకగా ఉన్నా సరే, ఎవరి తలో సగం తెగిపోయినా సరే.

ఫొటోలన్నీ ఫోన్లోనే ఉన్నవాళ్ళకి ఇది ఇంకా కష్టం, ఎందుకంటే వేలల్లో ఉంటాయి. నెలకొకటి ఎంచి స్టూడియోలో 4×6 ప్రింటు వేయించుకోండి. ఏడాదికి పన్నెండు చాలు.

పెన్ను పట్టుకోకముందు పది నిమిషాలు

ఫొటో చేతిలోకి తీసుకుని వెలుతురున్న చోట కూర్చోండి. ముఖాలు మీకు ఎలాగూ తెలుసు, వాటిని కాసేపు వదిలేసి అంచులు చూడండి. గోడకి క్యాలెండర్ ఉందా? ఉంటే నెల కనిపిస్తుందేమో. దండెం మీద ఎవరి బట్టలున్నాయి? టీవీ మీద అల్లిక గుడ్డ ఎవరు అల్లింది? గుమ్మం దగ్గర ఎన్ని జతల చెప్పులున్నాయి? ఆ రోజు ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఒక్కోసారి చెప్పులు చెబుతాయి. తర్వాత చేతులు చూడండి. ముఖాలు కెమెరా కోసం సర్దుకుంటాయి గానీ చేతులు సర్దుకోవు.

పుష్కరాల ఫొటోని నేను చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒకరోజు ఇలా కూర్చుని చూస్తే రెండు సంగతులు కనిపించాయి. అత్తయ్య చెవులు బోసిగా ఉన్నాయి. అమ్మ ఎడమ చెయ్యి పిడికిలి బిగించి ఉంది.

ఫొటో వెనక్కి కూడా తిప్పి చూడండి. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరిదో చేతిరాత ఉండొచ్చు. ఇవన్నీ ఒక చిత్తుకాగితం మీద రాసుకుని, దాని కిందే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ ఫొటో ఎవరు తీశారు? ఆ చోటే ఉండి ఫొటోలో పడనివాళ్ళు ఎవరు? ఫొటోకి ఐదు నిమిషాల ముందు, ఐదు నిమిషాల తర్వాత ఏం జరిగింది? ఈ మూడింటికీ జవాబులు మీకే తెలిస్తే సగం పేజీ వచ్చినట్టే. తెలియకపోతే వెళ్ళి అడగాలి.

అడిగే తీరు

అసలు పని ఇక్కడే ఉంది, తొందర పడకూడదు. నేను అత్తయ్యని మొదట అడిగిన ప్రశ్న తప్పు ప్రశ్న. "అత్తయ్యా, అప్పటి పుష్కరాలు ఎలా జరిగాయి?" అన్నాను.

"ఏముందమ్మా, అందరూ వెళ్ళారు, మేమూ వెళ్ళాం. ఒకటే జనం. మునిగాం, వచ్చాం."

అంతే. ఆవిడ లేచి పొయ్యి మీద పాలు చూసుకోవడానికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చాక ఫొటో చేతికిచ్చి, "నీ చెవులకి ఏమీ లేవేం? అమ్మ పిడికిలి ఎందుకు బిగించింది?" అన్నాను. కళ్ళజోడు పెట్టుకుని ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"అందులో నా దిద్దులున్నాయే. శీల వదులైపోయింది. మునిగినప్పుడు జారితే గోదాట్లో ఎక్కడ వెతుక్కుంటాం? తీసి మీ అమ్మకిచ్చాను. పర్సులో పెట్టుకో వదినా అంటే వినలేదు, జనంలో పర్సు కొట్టేస్తారంది. కొంగున కట్టుకోమంటే, తడిస్తే ముడి ఊడుతుందంది. అలా పిడికిట్లోనే పట్టుకుని, రెండో చేత్తో ముక్కు మూసుకుని మూడు మునకలూ వేసింది. బస్సులో కూడా విప్పలేదు. ఇంటికొచ్చి విప్పితే అరచేతిలో రెండు గుంటలు. శీలలు గుచ్చుకుని."

కాసేపాగి, నేను అడక్కుండానే, "ఈ ఫొటో తీసినవాడు డబ్బు తీసుకుని అడ్రసు రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ డబ్బు గోదాట్లో పోసినట్టే అన్నారు మీ మావయ్యగారు. దసరాకి పోస్టులో వచ్చింది" అని నవ్వింది.

కాబట్టి పెద్దవాళ్ళని "ఎలా ఉండేది", "మీ చిన్నతనం గురించి చెప్పండి" అని అడక్కండి. అంత పెద్ద ప్రశ్నకి ఎవరైనా "ఏముంది, బాగానే ఉండేది" అనే అంటారు. వస్తువు పట్టుకుని అడగండి. ఈ చీర ఎక్కడ కొన్నారు? ఈ కుర్చీ ఇప్పుడు ఎవరింట్లో ఉంది? ఆ పిల్లాడి మోకాలికి ఆ కట్టేమిటి? చిన్న ప్రశ్నకి పెద్ద జవాబు వస్తుంది.

ఇంకొన్ని మాటలు. పనులు తెమిలి, కాఫీ తాగి తీరిగ్గా ఉన్న వేళ చూసుకోండి. "రికార్డు చేసుకోనా?" అని అడిగి, ఒప్పుకుంటేనే ఫోన్ ఆన్ చేసి పక్కన పెట్టండి. వాళ్ళు ఆగినప్పుడు మీరు వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. ఆ ఆగడంలోనే తర్వాతి మాట తయారవుతుంటుంది. అత్తయ్య ఫొటోగ్రాఫర్ సంగతి చెప్పింది నేను మాట్లాడకుండా ఉన్నందుకే. వీలైతే ఇద్దరు పెద్దవాళ్ళని కలిపి కూర్చోబెట్టండి. "ఆ రోజు వానెక్కడ పడింది, అది మరుసటి ఏడు కదా" అంటూ వాళ్ళలో వాళ్ళే తేల్చుకుంటారు.

ఏడాది తేలకపోతే

మనవాళ్ళకి తేదీలు గుర్తుండవు గానీ సంఘటనలు గుర్తుంటాయి. "పుష్కరాల ముందు ఏడు" అంటే చాలు. గోదావరికి పుష్కరాలు 1979, 1991, 2003, 2015లో వచ్చాయి. కృష్ణకి 1980, 1992, 2004, 2016లో. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. గోదావరికి పెద్ద వరద 1986 ఆగస్టులో. హైదరాబాద్‌లో వీధులు మునిగిన ఆగస్టు వానలు 2000లో. విశాఖకి హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న. మేడారం జాతర రెండేళ్ళకోసారి కాబట్టి "పిల్లాణ్ణి ఎత్తుకుని జాతరకి పోయినం" అంటే, ఆ పిల్లాడి వయసు అడిగి లెక్క కట్టొచ్చు.

పాత శుభలేఖలు, జాతకాలు దొరికితే వాటి మీద తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. అరవై పేర్లు, మొదటిది ప్రభవ. ఆ ప్రభవ 1987 ఉగాదికి మొదలైంది, దానికి ముందుది 1927లో. మీ తాతగారు "రౌద్రిలో మా పెళ్ళి" అంటే రౌద్రి వరసలో 54వది కాబట్టి 1980 ఉగాది నుంచి 1981 ఉగాది లోపు. ఆయన వయసుకి అది కుదరకపోతే అరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళండి. ఇంత చేసినా తేలకపోతే "1980 ప్రాంతంలో" అని రాయండి. తెలియని తేదీని తెలిసినట్టు రాయడం మాత్రం వద్దు. రేపు ఇంట్లోవాళ్ళు దాన్నే నిజమనుకుంటారు.

ఒకరికి చెబుతున్నట్టు రాయండి

ఇప్పుడు పెన్ను తీసుకోండి. అందరి కోసం రాయాలనుకుంటే భాష బిగుసుకుపోతుంది, ఆహ్వాన పత్రికలా తయారవుతుంది. ఒక మనిషిని ఎంచుకోండి. మీ అమ్మాయి, తమ్ముడి కొడుకు, ఇంకా పుట్టని మనవరాలు, ఎవరైనా సరే. ఆ మనిషి పక్కన కూర్చుని ఈ ఫొటో పట్టుకుని "ఇదేంటి?" అని అడిగినట్టు అనుకుని మొదలుపెట్టండి. పేరు పెట్టి పిలిచినా మంచిదే.

"నాకు రాయడం రాదు" అనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: ముందు మాట్లాడండి. వాట్సాప్‌లో అక్కకి వాయిస్ మెసేజ్ పెట్టినట్టు, ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి రెండు నిమిషాలు చెప్పండి. తర్వాత విని, మీరు అన్నది అన్నట్టుగా కాగితం మీద పెట్టండి. ఫోన్ కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ కూడా ఉంది. తప్పులు వస్తాయి గానీ దిద్దుకోవచ్చు. మాట్లాడటం రానివాళ్ళు లేరు కదా, ఆ మాటే కాగితం మీదికి రావాలి.

రాసిన తర్వాత గ్రీటింగ్ కార్డు మాటలు ఏరి తీసేయండి. మరపురాని, అపురూపమైన, మధుర స్మృతులు, ఆనంద క్షణాలు, బంగారు బాల్యం. వీటిలో తప్పేమీ లేదు, కానీ ఎవరింటి ఫొటో కింద పెట్టినా సరిపోతాయి. మీ ఇంటికే సరిపోయే మాట కావాలి. "చాలా సంతోషంగా గడిపాం" అని రాసి ఉంటే, సంతోషంతో ఎవరేం చేశారో రాయండి. నాన్న ఈల వేశాడా? పిన్ని రెండోసారి అన్నం పెట్టించుకుందా? అది రాస్తే సంతోషం అన్న మాట అక్కర్లేదు.

పుష్కరాల పేజీలో "మరపురాని మధుర జ్ఞాపకం" తీసేసి నేను రాసింది ఇది:

"చిట్టీ, మీ అమ్మమ్మ ఎడమ చెయ్యి చూడు. ఆ పిడికిట్లో మండపేట అమ్మమ్మ దిద్దులున్నాయి. శీల వదులైందని, గోదాట్లో పడిపోతాయని తీసి ఇస్తే, అమ్మమ్మ పర్సులో పెట్టలేదు, కొంగున కట్టలేదు. ఒక చేత్తో ముక్కు మూసుకుని మూడు మునకలూ వేసింది. బస్సు దిగి ఇంటికొచ్చేదాకా పిడికిలి విప్పలేదు. విప్పితే అరచేతిలో రెండు గుంటలు. అప్పుడు వాటిని వదిన చేతిలో పెట్టింది. జనంలో తప్పిపోతామని నన్నూ మావయ్యనీ తీసుకెళ్ళలేదు, మండపేటలోనే ఉన్నాం. అమ్మమ్మ సీసాలో తెచ్చిన గోదావరి నీళ్ళు మా తలల మీద చల్లింది. అది మాత్రం నాకు గుర్తుంది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు."

ఇందులో అమ్మ మంచిదని గానీ, ఆ ఇద్దరూ ఒకరంటే ఒకరికి ప్రాణమని గానీ నేను రాయలేదు. మా అమ్మాయి చదివి ఫొటోలో ఆ పిడికిలి మీద వేలు పెట్టి అలాగే కూర్చుంది.

పొడుగు ఎంతుండాలి అంటే, ఒక పేజీకి పది పన్నెండు వాక్యాలు చాలు. అంతకన్నా ఎక్కువుంటే విడిగా కాగితం మీద రాసి, పేజీకి చిన్న కవరు అతికించి అందులో మడిచి పెట్టండి. స్టిక్కర్లు, రిబ్బన్లు, రంగులు అన్నీ రాత పూర్తయ్యాక. ముందు అలంకరిస్తే రాతకి రెండంగుళాల చోటు మిగులుతుంది, రెండంగుళాల్లో "మధుర జ్ఞాపకం" తప్ప ఏదీ పట్టదు.

మీ ఇంటి మాట, మీ ఇంటి లెక్క

పుస్తకంలో కాబట్టి శుద్ధంగా రాయాలని మన మాటని మార్చేస్తుంటాం. మార్చకండి. తండ్రి తల్లిని గోదావరి వైపు చాలా ఇళ్ళలో మామ్మ అంటారు, కొన్నిచోట్ల బాపమ్మ అంటారు, రాయలసీమలో జేజి అంటారు. మీరు ఏమని పిలిచారో అదే రాయండి. తండ్రిని బాపు అని పిలిచినవాళ్ళు నాన్నగారు అని రాస్తే ఆ పేజీలో ఉన్నది ఇంకెవరో అవుతారు. అత్తయ్య "గోదాట్లో" అంటే నేను "గోదావరిలో" అని దిద్దలేదు. ఆవిడ గొంతు ఆ ఒక్క మాటలోనే ఉంది. ఇంట్లో ఎవరికైనా ఊతపదం ఉంటే, పిల్లలు చిన్నప్పుడు తప్పుగా పలికిన మాటలుంటే అలాగే పెట్టండి.

ధరలు, దూరాలు, తిన్నవి కూడా రాయండి. ఈ రోజు మీకు మామూలుగా కనిపించే లెక్కే ముప్ఫై ఏళ్ళకి అన్నిటికన్నా ముందు చదివేది అవుతుంది. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పదిహేను నెలలకు పైగా దారి పొడుగునా రాసుకుంటూ వెళ్ళాడు. ఏ ఊళ్ళో దిగింది, అక్కడ నీళ్ళ వసతి ఎలా ఉంది, అంగళ్ళలో ఏం దొరుకుతుంది, దారి రాళ్ళదా ఇసకదా అన్నీ రాశాడు. ఆయనకవి ప్రయాణం లెక్కలు. మనకి ఇప్పుడు ఆ కాలం కళ్ళకి కట్టేది వాటితోనే. మీ నెలవారీ పచారీ సామాన్ల చీటీ ఒకటి, పాలవాడి లెక్క రాసిన క్యాలెండర్ పేజీ ఒకటి అతికించి పక్కన రెండు మాటలు రాస్తే అదే మంచి పేజీ.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతూ తెలుగు చదవలేకపోతే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. తెలుగులోనే రాయండి అంటాను నేను. కింద మీ చేత్తోనే నాలుగు ఇంగ్లీషు వాక్యాల్లో సారం రాయండి. చద్దన్నం, వదిన, పుష్కరం లాంటి మాటల్ని మాత్రం మార్చకుండా ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే ఉంచండి. ఆ పేజీని మీరే చదువుతూ రికార్డు చేసి వాళ్ళకి పంపండి. క్యూఆర్ కోడ్ అతికించి ఆడియోకి లింకు పెట్టొచ్చు, బాగానే ఉంటుంది, కానీ లింకులు కొన్నేళ్ళకి పనిచేయడం మానేస్తాయి. పుస్తకం దాని మీద ఆధారపడకూడదు.

ఫొటోలో లేనివాళ్ళు, వాళ్ళ చేతిరాత

ప్రతి ఇంట్లోనూ ఫొటోలు తీసే మనిషి ఒకరుంటారు, వాళ్ళు ఏ ఫొటోలోనూ ఉండరు. వంటింట్లో ఉండిపోయే మనిషి ఇంకొకరు. వాళ్ళని రాతలోకి తీసుకురండి. "ఇది తీసింది బాబాయి, అందుకే అందరూ కొంచెం వంకరగా ఉన్నాం" అంటే బాబాయి వచ్చేశాడు. మీరు కూడా రండి. ఆ రోజు మీరెక్కడున్నారు, మీకేం అనిపించింది, ఒక్క వాక్యమైనా సరే. చివర రాసిన తేదీ వేసి సంతకం పెట్టండి.

ప్రింటు తీసిన అక్షరాలకన్నా మీ చేతిరాత మంచిది, ఎలా ఉన్నా సరే. అమ్మ పాత ఉత్తరం చేతిలోకి తీసుకున్నప్పుడు మాటలకన్నా ముందు ఆ అక్షరాలే కదా పలకరిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ళున్నారు కాబట్టి ఇప్పుడే వాళ్ళ చేత ఒక వాక్యం రాయించండి. చెయ్యి వణికితే వణకనివ్వండి. చదువుకోని మామ్మలుంటే పేజీ మీద ముగ్గు వేయించండి. పదిహేను చుక్కల నుంచి ఎనిమిది దాకా సందు చుక్కలు పెట్టి, పెన్సిల్ తీయకుండా ఆవిడ కలిపే గీత ఆవిడ చేతిరాతే. పక్కన ఆ ముగ్గు ఎవరి దగ్గర నేర్చుకుందో రాయండి.

కష్టం కూడా రాయాలి

పుస్తకం నిండా పుట్టినరోజులూ పండగలే ఉంటే కొన్నాళ్ళకి అది మన ఇల్లులా అనిపించదు. జబ్బులు, అప్పులు, దూరమైనవాళ్ళు ఉన్నారు. అన్నీ చెప్పాలని లేదు, కానీ ఒక చిన్న నిజం చెప్పొచ్చు. మా నాన్న ఆఖరి ఆరు నెలల్లో తీసిన ఫొటోలు మూడే. ఒకదాని పక్కన ఏం రాయాలో నాకు ఏడాది దాకా తెలియలేదు. చివరికి రాసింది ఇంతే: "ఈ రోజు నాన్న తన చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. పైది తప్ప అన్నీ. అరగంట పట్టింది. మేమెవరం సాయం వెళ్ళలేదు, వద్దన్నాడు." ఇప్పటికీ అంతకన్నా ఎక్కువ రాయాలని నాకు అనిపించలేదు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు గుణాలు కాకుండా అలవాట్లు రాయండి. మెట్లెక్కేటప్పుడు చేసే చప్పుడు, మజ్జిగలో ఎంత ఉప్పు, ఫోన్ ఎత్తి ఏమనేవారు. గొడవపడి విడిపోయినవాళ్ళ ఫొటోలు చించేయకండి. ఆ రోజు నిజం, ఆ రోజున వాళ్ళు ఉన్నారు. పేరూ తేదీ రాసి వదిలేయొచ్చు. రాయాలని ఉండి, బతికున్నవాళ్ళని బాధపెట్టే సంగతైతే ఒక పరీక్ష పెట్టుకోండి: ఆ మనిషి ఈ పేజీ చదువుతుంటే నేను ఎదురుగా కూర్చోగలనా? కూర్చోలేనంటే, అది విడిగా రాసి కవర్లో పెట్టి, కవరు మీద ఎవరు ఎప్పుడు తెరవాలో రాసి దాచండి. రాయడం మాత్రం మానకండి.

కాగితం, పెన్ను, గమ్

ఇది త్వరగా చెప్పేస్తాను, కానీ నిర్లక్ష్యం చేయకండి. గీతల మధ్య గమ్ ఉండి పైన ప్లాస్టిక్ కప్పే పాత రకం ఆల్బమ్‌లలో ఫొటోలు పచ్చబడతాయి, అతుక్కుపోయి ఊడిరావు. యాసిడ్ లేని కాగితం, ఫొటో మూలల్ని పట్టే కార్నర్లు వాడండి. అప్పుడు కావాలంటే ఫొటో తీసి మళ్ళీ పెట్టొచ్చు. సెల్లోటేపు వద్దు, పసుపురంగు మరక వదిలిపోతుంది. రాయడానికి పిగ్మెంట్ ఇంకు పెన్ను మంచిది, నీళ్ళు పడ్డా కారదు, త్వరగా వెలవదు. ఫొటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో నెమ్మదిగా రాయండి. బాల్‌పెన్ను ఒత్తిడికి ముందు వైపు గీత తేలుతుంది.

బస్సులో మెషిన్‌తో ఇచ్చే టికెట్లు, షాపు బిల్లులు నున్నటి థర్మల్ కాగితం మీద వస్తాయి. కొన్నాళ్ళకి అక్షరాలు మాయమై తెల్లకాగితం మిగులుతుంది. వాటిని జిరాక్స్ తీసి అతికించండి. న్యూస్‌పేపర్ ముక్కలూ అంతే, త్వరగా పచ్చబడి పెళుసెక్కుతాయి. శుభలేఖ మూలల పసుపు పక్క ఫొటోకి అంటకుండా మధ్యలో ట్రేసింగ్ పేపర్ పెట్టండి. పేజీ పూర్తయ్యాక ఫోన్‌తో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపండి. పుస్తకాన్ని అటక మీద పెట్టకండి, ఎండాకాలం అక్కడ వేడి ఎక్కువ. వానాకాలంలో చెమ్మ తగలని బీరువా అరలో, రెండు సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి.

చివరగా, చదివి వినిపించండి

పేజీ అయిపోయిందనుకున్నాక ఒక పని మిగిలుంటుంది. ఎవరి గురించి రాశారో వాళ్ళకి చదివి వినిపించడం. నోటితో చదివినప్పుడు ఎక్కడ తడబడతారో అక్కడ వాక్యం బాగాలేదని అర్థం, దాన్ని మార్చండి. వినేవాళ్ళు ఏదైనా సరిచేస్తే పేజీ పాడవుతుందని చూడకండి, అక్కడే దిద్దండి.

నేను పుష్కరాల పేజీ పట్టుకుని మళ్ళీ మండపేట వెళ్ళాను. అత్తయ్య వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని విన్నది. "అప్పుడు వాటిని వదిన చేతిలో పెట్టింది" అన్న చోట కళ్ళు తెరిచింది.

"చేతిలో పెట్టలేదే. కూర్చోబెట్టి తనే నా చెవులకి పెట్టింది. శీలకి దారం చుట్టి, బిగించి మరీ పెట్టింది."

అక్కడే పెన్ను అడిగి తీసుకుని "చేతిలో" అన్న మాట కొట్టేసి, పైన "చెవులకి తనే" అని రాశాను. పేజీలో ఆ కొట్టివేత అలాగే ఉంది.